తంబాకు వాసన లేని ఇల్లు

బోధన్‌లో ధనలక్ష్మి పెట్టిన జొన్నరొట్టెల దుకాణం బాగా నడుస్తోంది. సాయంత్రమైతే జనం గుమిగూడుతున్నారు, ఆమె ఒక్కదాని చేతులు చాలడం లేదు. "అక్కా, నువ్వు గూడ రా, ఇద్దరం కలిసి నడుపుకుందం" అని అక్క భాగ్యలక్ష్మిని పిలిచింది. చిన్నప్పటి నుంచి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టిన భాగ్యలక్ష్మికి ఆ మాటతో ప్రాణం లేచొచ్చినట్లయింది. భర్త లక్ష్మీరాజం టైలరు. మిషను ఎక్కడ వేసుకుంటే ఏమిటన్నాడు. నిజామాబాద్‌లో ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మేసి, బోధన్‌లో చిన్నదొకటి చూసుకుందామని ఇద్దరూ అనుకున్నారు.

ఇల్లు చూడ్డానికి బ్రోకర్ బాపురావు వచ్చాడు. గడప దాటకుండానే ముక్కు ఎగబీల్చాడు.

"ఇల్లు మంచిగనే ఉంది గని, గీ తంబాకు వాసనేందక్కా? గోడలకే పట్టింది. గిట్లుంటే ఎవరు కొంటరు?"

"బీడీలు చేసే ఇల్లన్నా. తంబాకు వాసన రాక అత్తరు వాసనొస్తదా?"

"గదే వద్దంటున్న. ముందుగాల్ల ఆ వాసన పోగొట్టు. సున్నమెయ్యి, తలుపులకు రంగెయ్యి. సూడంగనే మనసు పడాలె."

భాగ్యలక్ష్మికి ఆ మాట గుచ్చుకుంది. అయినా అమ్ముకునేవాళ్లం మనమే కదా అని ఊరుకుంది. రంగులు వేసేవాడు అడిగిన కూలి వాళ్లు ఇచ్చుకోగలిగేది కాదు. అందుకని ఆలుమగలే నడుం బిగించారు. గోడల బీటల్లో సిమెంటు మెత్తారు. సున్నంలో కాస్త నీలిమందు కలిపి, నిచ్చెన ఎరువు తెచ్చుకుని ఆమే వేసింది. లక్ష్మీరాజం గరుకు కాగితంతో తలుపులు రుద్ది వార్నిష్ పూశాడు. పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి, కారే నల్లాకు బిగించాడు. ఆమె పెట్టెలోని పాత చీరలు తీసి కిటికీలకు పరదాలు కుట్టాడు. సోడా బండివాడు పారేసే నిమ్మచెక్కలు సంచెడు అడిగి తెచ్చుకుని, ఉప్పేసి నేలంతా తోమింది భాగ్యలక్ష్మి. మూలమూలకూ వేపాకు పొగ పెట్టింది. బీడీలు చుట్టే తునికాకు మూటలు, తంబాకు సంచి, చాట, అన్నీ పక్కింటి వరండాలోకి చేరాయి. అక్కడే కూర్చుని కార్ఖానాకు ఇవ్వాల్సిన బీడీలు చుట్టి ఇచ్చింది.

బాపురావు మళ్లీ వచ్చి చూసి సంతోషపడ్డాడు. పోతూపోతూ ఇంకో మాట అన్నాడు.

"రేపు కొనే పార్టీ వస్తది. నువ్వు ఆ పూట ఇంట్ల లేకుంటెనే మంచిది అక్కా. ఏమనుకోకు, నీ చీరెకు గూడ వాసన పట్టింది. అన్న ఉంటడు గద, సాలు."

ఆమె మొహం ఎర్రబడింది. "నా ఇంట్ల నేనుండొద్దా?" అంది. లక్ష్మీరాజం మధ్యలోకి వచ్చి, "ఒక్క పూటనే గద, పోనియ్యి" అన్నాడు. భర్త నోటి నుంచి ఆ మాట రావడం ఆమెకు మరీ కష్టమనిపించింది.

మర్నాడు ఆమె ఎక్కడికీ పోలేదు. ఉతికిన చీర కట్టుకుని వంటింట్లో తలుపు వెనక నిలబడింది. బాపురావు వెంట అనిల్‌కుమార్, అతని భార్య వర్ష వచ్చారు; లక్ష్మీరాజం దగ్గరుండి ఇల్లు చూపించాడు. పరదాలు బాగున్నాయని వర్ష మెచ్చుకుంది. నేల ఇంత తెల్లగా ఎలా ఉందని అడిగింది. లోపల భాగ్యలక్ష్మికి కాస్త గర్వంగానే ఉంది. అంతలో అనిల్‌కుమార్ గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ గల్లీల బీడీలోళ్లు ఎక్కువనట గదా?"

"అయ్యో, ఎవరన్నరు సార్?" అన్నాడు బాపురావు. "గదంతా పాతకాలం ముచ్చట. గీ ఇల్లు టీచరమ్మది. సదువుకున్నోళ్ల ఇల్లు. అందుకే గింత సాఫ్‌గ ఉంది."

వంటింటి తలుపు గోడకు తగిలి దబ్బుమంది.

"అన్నా, ఎవరు ఆ టీచరమ్మ?" అంటూ భాగ్యలక్ష్మి బయటికొచ్చింది. "ఏ బడిల చెప్తది? నాకు గూడ చూపియ్యి!"

బాపురావు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అక్కా, నువ్వు లోపలికి పో..."

"ఎందుకు పోవాలె? ఇగో సారూ, అమ్మా, మీరు గూడ ఇనుండ్రి. గీ ఇల్లు బీడీలు చేసేదాని ఇల్లు. పునాది తీసినప్పుడు బీడీలే చుట్టిన, స్లాబు పోసిన నాడు బీడీలే చుట్టిన. నేల సాఫ్‌గ ఉన్నది సదువు వల్ల కాదు, నా మోకాళ్లు కొట్టుకపోయేటట్టు తోమితె అయింది. బీడీలోళ్లు సాఫ్‌గ ఉండరని మీకెవరు చెప్పిండ్రు?"

వర్ష భర్త వైపు చూసింది. అనిల్‌కుమార్ బాపురావును కోపంగా చూసి, "ఉన్నదున్నట్టు చెప్తే అయిపోతుండె గదా" అంటూ చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

"చేతికచ్చిన బేరం చెడగొట్టినవ్" అన్నాడు బాపురావు.

"పోతే పోనియ్యి. నన్ను లేకుంట చేసి నా ఇల్లు అమ్ముతవా? నడువు ముందు!"

ఆ సాయంత్రం లక్ష్మీరాజం అన్నం ముందు కూర్చుని గొణిగాడు. "జరసేపు నోరు మూసుకుంటే ఏం పోయేది?"

"నేను మూసుకుంట సరే. నువ్వెందుకు మూసుకున్నవ్? వాడు టీచరమ్మది అన్నప్పుడు, నా పెండ్లామిది అనడానికి నీకు నోరు రాలే?"

ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్లి మళ్లీ కంచంలో పెట్టేశాడు. ఆమెకు బాపురావు మీద ఎంత మంటగా ఉందో, తన మీద తనకు అంతే మంటగా ఉంది. ఇన్నేళ్ల తన కష్టాన్ని, ఎవరో ముక్కు ఎగబీల్చినందుకు, నిమ్మచెక్కలతో తనే రుద్దిరుద్ది కడిగేసింది కదా!

తెల్లారి పక్కింటి నుంచి చాట, తంబాకు, తునికాకు అన్నీ తెచ్చుకుని ఇంటి ముందరే కూర్చుంది. లక్ష్మీరాజం అట్టముక్క మీద 'ఇల్లు అమ్మబడును' అని రాసి, కింద 'భాగ్యలక్ష్మి, బీడీ కార్మికురాలు' అని కూడా రాసి, తనే గేటుకు కట్టాడు. ఆమె చూసి కూడా చూడనట్లే ఉంది కానీ, ఆ పూట ఆయన పక్కన కూర్చుని తిన్నది.

కొన్నాళ్లకు మాక్లూర్ నుంచి ముత్తన్న, హన్మవ్వ అనే రైతు దంపతులు వచ్చారు. కూతుళ్ల కాలేజీ చదువు కోసం టౌన్‌లో ఇల్లు వెతుక్కుంటున్నారు. హన్మవ్వ నల్లా తిప్పి చూసింది, మురికినీళ్ల మోరీ ఎటు పోతుందో అడిగింది, గోడల మీద చెయ్యి వేసి చూసింది.

"ముందుగాల్లనే చెప్తున్న వదినా, ఇంట్ల తంబాకు వాసనుంటది" అంది భాగ్యలక్ష్మి, తగవుకు సిద్ధమైనట్లు.

హన్మవ్వకు నవ్వొచ్చింది. "మేం పసుపు ఉడకబెట్టిన దినాలల్ల మా ఇంటికి రా, నీకెర్కయితది వాసనంటే ఏందో! పని చేసిన ఇండ్లల్ల వాసన రాదా? గని గీ పరదాలు గూడ ఇస్తవా?"

బేరం కుదిరింది. పరదాలు ఇల్లుతో పాటే ఇచ్చేసింది.

సంగతి తెలిసి బాపురావు పరుగున వచ్చాడు. ఇల్లు బాగు చేయమని సలహా ఇచ్చింది తానే కాబట్టి, కమీషన్ తనకు రావాలన్నాడు.

"ఆ టీచరమ్మ దగ్గరికి పోయి అడుగు" అంది భాగ్యలక్ష్మి. "ఇల్లు ఆమెదే గద!"

బోధన్‌కు మారినా ఆమె కోపం చల్లారలేదు. ఇప్పటికీ రొట్టెల దుకాణంలో ఎవరైనా నిజామాబాద్ నుంచి వచ్చామంటే చాలు, ఈ కథ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. 'టీచరమ్మ' దగ్గరికొచ్చేసరికి పీట మీది పిండిని గట్టిగా చరుస్తుంది. "అక్కా, రొట్టె చినుగుతది" అని ధనలక్ష్మి మొత్తుకుంటూనే ఉంటుంది.