ఖాళీగా పంపిన గిన్నె

మా ఆయన లివర్ చెడిపోయింది. ఆసుపత్రిల డాక్టరమ్మ ఒక కొత్త చికిత్స సంగతి చెప్పింది. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్ వేరుచేసి, లివర్‌లోకి ఎక్కిస్తరట.

"ఇంకా పరీక్షలల్లనే ఉన్నది, నయమైతదని మాటియ్యలేను. ముందైతే కాళ్ల వాపు తగ్గాలె. ఉప్పు బంద్," అన్నది.

ఫలక్‌నుమాల మా గల్లీకి ఈ ముచ్చట నాకన్నా ముందే చేరింది. ఉప్పు సంగతి ఎవ్వరి చెవిన పడలేదు. మూలుగ ఒక్కటే పడ్డది.

"మూలుగ తీస్తరా? మరి ముందు నింపాలె గదా!" అని పక్కింటి ఆపా గిన్నెడు పాయా, అదే మేక కాళ్ల పులుసు, పంపింది. ఎదురింటోళ్లు మూలుగ నిండిన నల్లి బొక్కల కూర పంపిన్రు. మా ఆయన బొక్కను జుర్రుకుంట, "ఇది గూడ వైద్యమేనే," అన్నడు.

వద్దంటే వాళ్ల మొహాలు చిన్నబోతయని నాకు నోరు రాలేదు. పైగా మా గల్లీల గిన్నె ఖాళీగా తిరిగిపోదు. అట్ల పంపితే పొత్తు తెంపుకున్నట్టే. అందుకని పులిహోర పెట్టి పంపిన. మళ్ల పాయా వచ్చింది. సకినాలు పంపిన. మళ్ల పాయా! ఆ కూరలల్ల ఉప్పుకు ఆయన పాదాలు చెప్పుల్లో పట్టకుండ ఉబ్బినయి.

ఈ మధ్యనే అక్షరాలు నేర్చిన గదా, అట్టముక్క మీద 'ఉప్పు కూరలు పంపకండి' అని తెలుగుల రాసి తలుపుకు కట్టిన. మా గల్లీల చదివేటోళ్లంత ఉర్దూ చదువుతరు. ఇద్దరొచ్చి ఇల్లు కిరాయికున్నదా అని అడిగిపోయిన్రు.

డాక్టరమ్మ ఆయన పాదం నొక్కితే గుంట పడ్డది. "వచ్చే వారం గూడ ఇట్లనే ఉంటే ఈ చికిత్స ఈయనకు లేనట్టే," అన్నది.

ఆ పొద్దు ఆపా గిన్నెను కడిగి, తుడిచి, ఖాళీగా పంపిన. గిన్నె వెనకాలనే ఆపా ఊడిపడ్డది.

"ఏంది బహెన్, నీకు నేనేం పాపం చేసిన?"

ఏడుసుకుంట అంతా చెప్పిన.

"గీ మాట నోటితోని చెప్పరాదా? బోర్డులు కడ్తవా!" అని నన్ను తిట్టి, మా గడపల కుర్చీ ఏసుకొని కూసున్నది. ఎవరి గిన్నె వచ్చినా అక్కడికక్కడ తానే తినేసింది.

లోపలినుంచి మా ఆయన, "ఆపా, వాసనన్న రానియ్యి!" అని మొత్తుకున్నడు.

"ముక్కు మూసుకో భాయ్!"

వారం తిరిగినంక డాక్టరమ్మ మళ్ల పాదం నొక్కింది. గుంట పడలేదు. "రేపే చేర్చుకుంటం," అన్నది.

నాకు పాణం లేచొచ్చింది. మా ఆయన మాత్రం, "పొద్దుగాల తినడానికి ఏం పెడ్తరమ్మా?" అని అడిగిండు.

"ఏం పెట్టం. పరగడుపున రావాలె."

తుంటిలో సూది గుచ్చుతమన్నప్పుడు రాని భయం, ఆయన మొహంల అప్పుడొచ్చింది.