చెంబు ఇంజనీరు

నేల కనిపిస్తే చాలు, చెంబెడు నీళ్ళు పోసి అవి ఎటు పోతాయో చూడటం ఆయన జబ్బు. తెల్లారగానే మొదటి చెంబు సొంత వసారాలోనే. వెనకాలే తడిగుడ్డతో ఇల్లాలు.

"నిన్న ఎటు పోయాయో ఇవాళా అటే పోతాయి కదండీ!"

"అది నువ్వనుకుంటున్నావు."

ముప్ఫై ఏళ్ళు ఆయన పొయ్యడం, ఆవిడ తుడవడం. ఆయన పోయి రెండు నెలలైంది. వసారా పొడిగా ఉంది. తడిగుడ్డ అట్టలా ఎండి వేలాడుతోంది.

నిజానికి ఆయన ఇంజనీరేమీ కాదు. నదిలో పాతిన కొలబద్ద చూసి నీటిమట్టం రాసుకునే చిన్న ఉద్యోగి. బిరుదు వీధి ఇచ్చింది. పొద్దున్నే చెంబుతో బయల్దేరే మనిషిని చూసి, కొత్తగా దిగినవాళ్ళు మర్యాదగా మొహం పక్కకి తిప్పుకునేవారు.

వంటింట్లో చాట కనిపిస్తే పాఠం మొదలు. "ఇదిగో, పైన మన నదికి నీళ్ళొచ్చే చోటు ఇలా చాటలా వెడల్పు. చుట్టూ నిటారు కొండలు. సన్నగా పొడుగ్గా ఉంటే వాగులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. ఇక్కడ అయిదు వాగులూ ఒకేసారి మూతి దగ్గరికొచ్చి పడతాయి. పీల్చడానికి ఊళ్ళో మట్టైనా ఉందా, అంతా సిమెంటాయె! ఇంతకీ మూతి దగ్గర ఏముంది?"

"మన వీధి. ఆ చాట ఇటివ్వండి, బియ్యం చెరగాలి."

ఒకసారి వరద గురించి అర్జీ పట్టుకెళ్ళి, పురపాలక ఆఫీసులో అధికారి బల్లమీదే చెంబు వంచారు.

"కొండల్లో పడే వాన మా పరిధిలోకి రాదండీ," అన్నాడు అధికారి, ఫైళ్ళు ఎత్తిపట్టుకుని.

"నీళ్ళకి మీ పరిధి తెలీదు కదండీ!"

అర్జీ అడుగు సొరుగులోకి వెళ్ళింది. కనీసం పై సొరుగులో పెట్టమని బతిమాలి వచ్చారు.

ఎదురింటి దర్జీతో రోజూ గొడవే. దర్జీ తల్లి మంచాన పడి ఉంది. గదేమో వీధికంటే పల్లం.

"మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టరా!"

"అమ్మని అటకెక్కించమంటారా బాబాయ్? నాకు పనుంది, వెళ్ళండి."

ఆ రోజుల్లోనే పెరటిగోడ ఇటుకలు మాయమవడం మొదలైంది. రోజుకొకటి. ఆవిడ నిలదీస్తే, "గోడ వాలు చూస్తున్నానే," అని చెంబు పుచ్చుకుని జారుకునేవారు.

మొన్న మంగళవారం ఊళ్ళో చినుకు లేదు. ఎండ చూసి ఆవిడ బట్టలు ఆరేసింది. మధ్యాహ్నానికి నది ఒడ్డు దాటి వీధిలోకి ఎర్రనీళ్ళు తోసుకొచ్చాయి. కొండల్లో కుండపోతట. పరిధి తెలియని నీళ్ళు ఆఫీసు మెట్లూ ఎక్కాయి. అన్నిటికంటే ముందు మునిగింది అడుగు సొరుగు అర్జీ.

దర్జీ బజారులో ఉన్నాడు. ఎదురుగదిలో ముసలావిడ ఒక్కతే. మోకాలిలోతున ఉరికే నీళ్ళు దాటలేక, ఇల్లాలు తన మెట్ల మీద నిలబడి గొంతు పోయేలా అరిచింది. నీళ్ళు తగ్గాక ఆవిడా, పరిగెత్తుకొచ్చిన దర్జీ కలిసి తలుపు తోశారు.

ముసలావిడ పొడిగా మంచం మీదే కూర్చుని ఉంది. నీళ్ళు పరుపుకి బెత్తెడు కింద ఆగాయి. నేలదాకా వేలాడి తడిసిన దుప్పటి అంచు ఎత్తి చూస్తే కాలికి మూడేసి, నాచుపట్టిన ఇటుకలు!

"మీ బాబాయి పెట్టాడురా, రోజుకొకటి. పలుగుతో మంచం ఎత్తుతుంటే పడవెక్కినట్టుండేది. 'వాడికి చెప్పకు వదినా, తీసేస్తాడు' అన్నాడు."

దర్జీ తలపట్టుకున్నాడు. "అమ్మ రోజురోజుకీ పొడుగవుతోందేమిటా అనుకున్నాను పిన్నీ!"

"నా గోడ పొట్టిదవుతోందేమిటా అని నేనూ అనుకున్నాను," అంది ఆవిడ. రెండు నెలల్లో నవ్వడం అదే మొదలు.

"మీ ఇటుకలు మీకు తెచ్చిస్తాను పిన్నీ."

"మంచం దించావంటే ఊరుకోను!"

మర్నాడు పొద్దున్నే ఆవిడ వసారాలో చెంబెడు నీళ్ళు పోసింది. అవి కాసేపు తటపటాయించి, మెట్లవైపు కదిలాయి. అలవాటుకొద్దీ చెయ్యి తడిగుడ్డ మీదికి పోయింది.

తియ్యలేదు. ఎటు పోతాయో చూడాలిగా ముందు, అనుకుని గడపమీద కూర్చుంది.