మాస్టారి కాలి కింద బ్రేకు

మా పిన్ని బ్యూటీ పార్లర్‌లో రెండు కుర్చీలు, గోడంత అద్దం, తల కడిగే తొట్టి ఒకటి ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగానికి దించేస్తుంది. ఆ సగం షట్టరు కింద నుంచి ఒంగి లోపలికొచ్చేవాళ్ళు జుట్టు కోసం రారు, పిల్లల కోసం వస్తారు. చదువులో వెనకబడ్డ పిల్ల, సరిగ్గా వినబడని పిల్లాడు, ఒకచోట కుదురుగా కూర్చోలేనివాడు. ఇలాంటి పిల్లలకి ప్రత్యేకంగా నేర్పే టీచర్లుంటారు. వాళ్ళని ఇమ్మని ఎవరిని అడగాలో, ఎలా అడగాలో పిన్ని చెబుతుంది.

ఇదంతా ఆవిడ చదివి నేర్చుకున్నది కాదు. ఆవిడ కొడుక్కి, అంటే మా అన్నయ్యకి, చెవులు సరిగ్గా వినబడవు. వాడి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులతో పాటు మొహమాటం కూడా అరగదీసుకుంది. వాడిప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తున్నాడు. అక్కడి మిషన్ల మోతకి తలనొప్పి రానిది వాడొక్కడికే.

నేను కాలేజీ మధ్యలో మానేశాక, కనీసం డ్రైవింగైనా నేర్చుకు చావమని నన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్చింది కూడా పిన్నే. అక్కడే మాస్టారు పరిచయం.

మాస్టారి కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేను బ్రహ్మాండంగా ఆపాననుకున్న ప్రతిసారీ బండి ఆపింది ఆయనే. పైగా "భలే ఆపావు" అనేవాడు. పొగడటం ఆయనకి జబ్బు. నన్నే పొగిడే మనిషి కన్నకూతుర్ని వదులుతాడా? గువ్వ అని పిలుస్తాడు ఆ పిల్లని. మూడో తరగతి. నేను గేరు మార్చినప్పుడల్లా గువ్వ కబురొకటి వినాల్సిందే.

ఒకరోజు మాత్రం కబురు తేడాగా వచ్చింది. చదవడం నేర్పే ప్రత్యేక టీచరు గువ్వకి కావాలని క్లాసు టీచరు రాస్తే, విద్యాశాఖ నుంచి ముగ్గురు బడికి వచ్చి పిల్లని పరీక్షించి, అక్కర్లేదన్నారట.

"మంచిదే కదా మాస్టారూ."

"నేనూ అదే అనుకున్నా. టీచరమ్మేమో మొహం మాడ్చుకుంది. దీనికి రెండక్షరాలు కూడబలుక్కోవడం కూడా రావట్లేదు, ఇలాగే పై క్లాసుకి తోస్తే బడంటేనే పారిపోతుంది అంటోంది. ఎవరి మాట నమ్మాలిరా?"

ఆ ఆదివారం తండ్రీకూతుళ్ళిద్దరినీ షట్టరు కింద నుంచి లోపలికి తోశాను.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు తమ్ముడూ. ఉప్పూకారం కలపకుండా," అంది పిన్ని.

"ఏముందక్కా, పాఠం చదవమన్నారు. గడగడా చదివేసింది. తప్పంటే ఒట్టు."

"ఇంట్లో చదివించావా?"

"చదివించకుండా ఉంటానా? వాళ్ళొస్తున్నారని ముందునుంచీ రోజూ ఆ పాఠమే. నేను చదువుతా, అది అంటుంది. ఎక్కడైనా ఆగితే మాట అందిస్తా. అక్కడ కూడా ఒకట్రెండు చోట్ల పెదాలు కదిపాననుకో."

పిన్ని గువ్వని కుర్చీలో కూర్చోబెట్టి ఒక వారపత్రిక చేతికిచ్చింది. ఆ పిల్ల బొమ్మలు చూస్తూ కథ అందుకుంది. దొంగ, ఏనుగు, ఏనుగుకి జలుబు. మాస్టారి ఛాతీ ఉబ్బిపోయింది. పిన్ని బొమ్మల్లేని పేజీ ఒకటి తిప్పి పెట్టింది.

"గొంతు నొప్పిగా ఉందత్తా," అంది గువ్వ.

"పాపం దానికి ఎప్పుడూ ఇంతే అక్కా, పుస్తకం తీస్తే చాలు గొంతు..." అంటూ మాస్టారు ఆగిపోయాడు. ఎదురుగా అద్దంలో ఆయన మొహం ఆయనకే కనబడింది.

పిన్ని నన్ను చూపించింది. "వీడికి డ్రైవింగ్ వచ్చా?"

"రాదు." ఇంత తడుముకోకుండా ఆయన నిజం చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

"మరి బండి ఇంకా గోడెక్కలేదేం?"

"బ్రేకు నా కాలి కింద..." ఆయన మళ్ళీ ఆగాడు.

"లైసెన్సు టెస్టు రోజు నీ కాళ్ళెక్కడుంటాయి?"

"సీటు మీదకి మడుచుకుంటాను. ఇన్‌స్పెక్టరు చూస్తాడు."

"ఇదీ అంతే తమ్ముడూ. వాళ్ళు పరీక్ష పెట్టింది నీ బ్రేకుకి."

మళ్ళీ పరీక్షించమని అడిగే హక్కు తండ్రికి ఉందని, అర్జీ తనే పెట్టుకోవచ్చని, పిల్ల ఎప్పుడూ చూడని పేజీ ఇచ్చి చూడమని కోరాలని, అందినట్టు ముద్ర వేయించుకోవాలని పిన్ని చెప్పింది. ఆ ముగ్గురూ సెలవుల లోపు ఇంకొక్కసారే వస్తారు. అది తప్పితే గువ్వకి ఒక ఏడాది పోయినట్టే.

"అందరి ముందు నా పిల్లకి రాదని నా నోటితో చెప్పమంటావా అక్కా?"

"రాదని చెప్పొద్దు. ఇంట్లో జరిగేది చెప్పు."

రిహార్సల్స్‌లో ఆఫీసరు వేషం నాది. పరీక్షల్లో ఎక్కువసార్లు తప్పినవాడికి ఆఫీసరు మొహాలు బాగా గుర్తుంటాయని పిన్ని నమ్మకం.

"మీ అమ్మాయి ఎలా చదువుతుందండి?" అన్నాను గొంతు బరువుగా పెట్టి.

"బంగారమండి."

పిన్ని దువ్వెనతో ఆయన మోకాలి మీద ఒక్కటిచ్చింది. "మళ్ళీ చెప్పు."

అసలు రోజు కారు నేనే నడిపాను. నడిపాననే అనుకుందాం. పిన్ని తోడుగా లోపలికెళ్ళింది. నేను స్టాఫ్ రూము తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను, అంతా కనబడుతూనే ఉంది. ముగ్గురిలో పెద్దావిడ ఒక కొత్త పేజీ గువ్వ ముందు పెట్టింది. గువ్వ తండ్రి వైపు చూసింది. మాస్టారు రెండు కాళ్ళూ కుర్చీ మీదకి లాక్కుని, మూతి బిగించి, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"మీకు కాళ్ళ నొప్పులా?" అంది పెద్దావిడ.

"లేదండి, అలవాటు."

గువ్వ ఇంకాసేపు చూసింది. తర్వాత మెల్లగా, "గొంతు నొప్పిగా ఉందండి," అంది. పెద్దావిడ మంచినీళ్ళిచ్చింది. గువ్వ గ్లాసు ఖాళీ చేసింది. పేజీ మాత్రం అక్కడే ఉంది.

"అది గొంతు నొప్పి కాదండి," అన్నాడు మాస్టారు కిటికీకేసి చూస్తూనే. రోజూ తను చదవడం, ఆ పిల్ల విని అప్పజెప్పడం, పోయినసారి పెదాలు కదపడం, అన్నీ చెప్పేశాడు. చివర్న "తప్పు నాదండి, దానిది కాదు," అన్నాడు. అది పిన్ని నేర్పలేదు.

"చదవడం వచ్చేస్తే గొంతు నొప్పి రాదండి," అంది గువ్వ, ఆయన్ని కాపాడుతున్నట్టు.

పెద్దావిడ నవ్వింది. పేజీ పక్కన పెట్టి, చిన్న కథొకటి తనే చదివి వినిపించి తిరిగి చెప్పమంది. గువ్వ మొత్తం చెప్పి, ముగింపు బాలేదని ఇంకొకటి కూడా తగిలించింది. ముగ్గురూ కాసేపు మాట్లాడుకున్నారు. వారానికి మూడు రోజులు ప్రత్యేక టీచరు వస్తుందని, పరీక్షల్లో ప్రశ్నలు ఎవరైనా చదివి వినిపిస్తారని చెప్పి సంతకాలు పెట్టారు.

బయటికి రాగానే మాస్టారు మొదలెట్టాడు. "చూశావా అక్కా, ఆ ముగింపు ఎలా అల్లిందో..."

"ఇప్పుడు పొగుడుకో. కారు దాకా," అంది పిన్ని.

సెలవులయ్యాక కొన్నాళ్ళకి గువ్వ జుట్టు కత్తిరించుకోవడానికే వచ్చింది. మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, అద్దం పక్కన అంటించిన కాగితం మీద చూపు నిలిపింది. "త... ల. తల. క... ద..." ఆగింది. పిన్ని కత్తెర కూడా ఆగింది. గుమ్మంలో నిలబడ్డ మాస్టారి కుడికాలు నేలని గట్టిగా నొక్కుతోంది, పెదాలు మాత్రం కదల్లేదు. "కద... ప... కండి. తల కదపకండి," అనేసి, గువ్వ గిరుక్కున తల తిప్పి తండ్రి వైపు చూసింది.

పిన్ని రెండు చేతులతో ఆ తలని మళ్ళీ అద్దం వైపు తిప్పి, కత్తిరించడం మొదలుపెట్టింది.