హారతి లేని పుస్తకం

ఒక పాట లోకంలో లేకుండా పోవడానికి కారణం నేను. ఈ మాట ఎన్నో ఏళ్ళుగా నాలోనే ఉంది. తిండికీ నిద్రకూ అడ్డు రాలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి. బాగానే బతికాను. ఉద్యోగంలో చెడ్డపేరు లేదు, ఇంట్లో కలతలు లేవు, ఉదయం వాకిట్లో కుర్చీ వేసుకుని కాఫీ తాగే తీరిక ఉంది. అయినా ధనుర్మాసం రాగానే, వీధిలో తాళాల చప్పుడు వినపడగానే, ఆ బరువు వచ్చి తన చోట తాను కూర్చుంటుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా వాషర్‌మెన్‌పేటలో తెలుగువాళ్ళ భజన గోష్ఠి ఒకటి ఉండేది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుతుండగా వీధుల వెంట పాడుకుంటూ తిరిగేవాళ్ళం. ఏ పాట తరువాత ఏ పాట అన్నది పెద్దల నోట విని నేర్చుకున్నదే, కాగితం మీద లేదు. ముందుండి పాడేవాడు మా బావ రంగయ్య, నా భార్యకు అన్న. పప్పుల టోకు వ్యాపారి. ఆయన ఒక చరణం అంటే మేమందరం తిరిగి అనేవాళ్ళం. చివరి పాట మంగళహారతి. అది వాళ్ళ నాన్న, అంటే మా మామగారు, స్వయంగా కట్టినది.

పాటలన్నీ పుస్తకంగా వేద్దామన్న ఆలోచన నాది. సౌకార్‌పేటలో ఒక దుకాణానికి లెక్కలు రాసేవాణ్ణి. ఏదైనా వరసలో లేకపోతే నాకు తోచదు. బావ పాడాలి, నేను రాయాలి, ఇద్దరి పేర్లూ వేయాలి. ఇదీ మా ఒప్పందం.

ఆ మనిషితో కలిసి పుస్తకం రాయడం మాటలు కాదు. ఈ ఆదివారం ఒప్పుకున్న చరణం వచ్చే ఆదివారానికి తప్పయ్యేది. తమ నాయన అలా పాడలేదనేవాడు. కొట్టేసి కొత్తగా రాసేవాణ్ణి. నెల తిరిగేసరికి మొదటిదే సరైనదని తేల్చేవాడు. పైగా అందరి ముందూ నన్ను ఆటపట్టించేవాడు: నా తాళం ఎప్పుడూ పాట కన్నా ముందే ఇల్లు చేరుతుందని. నవ్వేవాణ్ణి. నిజంగా నవ్వానా? నవ్వినట్టు కనిపించాను.

ఇలా కొన్నేళ్ళు గడిచాక పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. ప్రూఫులు చూడడం నా వంతు. ధనుర్మాసం దగ్గర పడుతుండగా ప్రెస్సు యజమాని ఒక పేజీ ఎక్కువవుతోందన్నాడు. దానికోసం ఇంకో ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట, ఎక్కిస్తే పుస్తకం సమయానికి అందదు, ఏదో ఒక పేజీ తీసేయమన్నాడు. మధ్యలో పాటలు ఒకదాని వెంట ఒకటి నడిచేవి, వాటిని కదిలించడానికి లేదు. తీయడానికి వీలైనవి రెండే. మొదట నేను రాసిన ముందుమాట. చివర హారతి.

నేను హారతి తీయించాను.

అందరికీ కంఠతా వచ్చిన పాటే కదా, అచ్చులో లేకపోతేనేం అనుకున్నాను. అలాగే అనుకున్నానా, లేక ఆ ఆదివారాలన్నిటికీ కలిపి ఒక్కసారిగా బదులు తీర్చుకున్నానా? ఎంత తరచి చూసుకున్నా రెండోదే నిజమనిపిస్తుంది.

మొదటి ప్రతిని బావ కొట్టుకు తీసుకువెళ్ళాను. ఆయన పుస్తకాన్ని వెనక నుంచి తెరిచాడు.

"మా నాయన హారతి ఏది బావా?"

"కూర్చి పెట్టిన పేజీ చేజారి కింద పడిందంట. సీసం అక్షరాలన్నీ చెదిరిపోయినాయంట. మళ్ళీ కూర్చేదానికి టైము లేదన్నారు."

దారిలో తయారు చేసుకున్న అబద్ధం. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"చెయ్యి జారితే ఏం జేస్తారు, పాపం. వాళ్ళని తిట్టినావా ఏంది?"

"లేదు."

"సరి, పోనీలే. ఈడ అందరికీ నోటికొచ్చిందే గదా. బుక్కులో లేకపోతే పాడకుండా పోతారా?" అని ముందుమాట తీసి, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివాడు. "ఇది మాత్రం జోరుగా ఉండాదబ్బా. ఈడ తాళం తప్పలే."

ఆ ముందుమాట ఆయన తప్ప ఇంకెవరూ చదివినట్టు నాకు తెలియదు.

మొదట్లో హారతి పాడుతూనే ఉన్నాం. పాతవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. తరువాత గోష్ఠిలోకి వచ్చినవాళ్ళు పుస్తకం చూసి నేర్చుకున్నారు. వాళ్ళకు ఆఖరి పేజీలో ఉన్నదే ఆఖరి పాట. ఒక తెల్లవారుజామున బావ హారతి ఎత్తుకున్నాడు. అందరూ పేజీలు తిప్పసాగారు. "ఎన్నో పేజీ మామా?" అని ఎవరో అడిగారు. మొదటి చరణం పాడి, మేము తిరిగి అనడం కోసం ఆగాడు. ఎవరూ అనలేదు. నాకు వచ్చు. నేనూ పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాను. గొంతు ఎత్తితే ఆ తీసేసిన పేజీ అందరికీ కనబడుతుందన్నట్టు.

బావ తాళాలు సంచిలో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎన్నడూ ఆ పాట ఎత్తలేదు.

ఆయన ఉన్నన్నాళ్ళూ అడిగి రాసుకునే వీలుండేది. అడిగితే పాత మాట బయటికి వస్తుందని అడగలేదు. ప్రెస్సుకు ఇచ్చిన రాతప్రతి తిరిగి రాలేదు. చిన్నప్పటి నుంచి డైరీ రాసేవాణ్ణి. పుస్తకం వచ్చిన రోజు పేజీ తీసి చూస్తే 'పుస్తకం వచ్చింది, వాన' అని ఉంది. అంతే. నాకు ఇప్పుడు రెండు చరణాలు గుర్తున్నాయి. మూడోది పోయింది.

హారతికి బదులు ముందుమాట తీయగలిగేవాణ్ణి. తీయలేదు. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక మాత్రం చెయ్యి తేలికగా ఉంది.

పొద్దు వాలింది. లోపల నా భార్య దీపం పెట్టి తన తండ్రి పాట అందుకుంది. రెండు చరణాలు పాడుతుంది. మూడోదానికి వచ్చేసరికి, రోజూలాగే, మాటలు లేక కూనిరాగం తీస్తుంది. నేను వింటాను.