మేకను కొట్టబోతే ఆఫ్‌సైడ్

నేను మా బిడ్డకు ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ నేర్పానని మా వాడలో చెప్పుకుంటున్నారు. ఆ మాట ముదరకముందే జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలి.

నల్లగొండ హాస్టల్లో చదివే మా బిడ్డ ఒక మ్యాచ్‌లో గోలు కొట్టింది. గీత పక్కన జెండా లేచింది. ఆఫ్‌సైడ్ అని గోలు చెల్లదన్నారు, జట్టు ఓడింది. సెలవులకు దేవరకొండ వచ్చి మూలకు కూర్చుంది.

“నాకూ గోలుకూ నడుమ గోల్‌కీపర్ గాక ఇంకొకామె ఉండె బాపూ. నేనేం తప్పు చేసిన? ఇగ ఆటకు పోనే పోను.”

“ఎప్పుడూ పుస్తకాలల్ల తలకాయ పెడ్తవు గద, గిదొక్కటి చెప్పు పిల్లకు,” అంది మా ఆవిడ.

బడి చదువు మధ్యలో ఆగినా గ్రంథాలయంలో నేను ఆగలేదు. భూగోళం, రాజ్యాంగం, వైద్యం అన్నీ అక్కడి బల్ల మీద చదివినవే. ఆటల నియమాల పుస్తకం తెచ్చాను. తోటి ఆటగత్తె బంతిని తన్నే క్షణంలో, బంతికన్నా ముందున్న అమ్మాయికీ గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు కనీసం ఇద్దరుండాలట. మళ్లీ మళ్లీ చదివాను. వాక్యం అర్థమైంది, ఆట కాలేదు.

వాకిట్లో మనుషులనే నిలబెట్టాను. గోడ ముందు గోల్‌కీపర్‌గా మా అమ్మ, కాస్త ఇవతల ఆమె జట్టులోనే మా ఆవిడ, ఇంకా ఇవతల బిడ్డ. బంతి నా దగ్గర. తన్నబోతుండగా నా వెనక ఎండబోసిన పల్లికాయలో మేక మూతి పెట్టింది. “హెయ్, నీ పాడుగాను!” అంటూ మా అమ్మ గోలు వదిలి నన్ను దాటి ఉరికింది. అప్పుడు తన్నాను. బిడ్డ బంతిని గోడకు కొట్టింది.

పుస్తకం ప్రకారం బిడ్డకు ముందు మా ఆవిడ ఒక్కతే ఉంది. “ఆఫ్‌సైడ్,” అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

“పిల్ల ఉన్నకాడ్నే ఉండె, నేను ఉన్నకాడ్నే ఉంటి. అత్తమ్మ మేకను కొట్టవోతే పిల్లకు తప్పువడ్తదా?” అంది మా ఆవిడ.

బిడ్డ మాత్రం బంతి చంకలో పెట్టుకుని నిలబడిపోయింది. “ఆనాడు గోల్‌కీపర్ నన్ను దాటి ముందల్కి ఉరికొచ్చింది బాపూ! ఆమె గోల్లనే ఉన్నదనుకున్న. ఇద్దరు కాదు, ఒక్కతే ఉండె!”

సెలవులు అయిపోగానే బూట్లు సంచిలో వేసుకుని నల్లగొండ బస్సెక్కింది.

నాకు ఇప్పటికీ తికమకే. ఉన్నచోటే ఉన్న మనిషి, ఇంకొకరు జరిగితే తప్పులో ఎలా పడుతుంది?

గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్‌కు, గోలు కాసిన అమ్మకు, అడ్డం నిలబడిన మా ఆవిడకు, తాడు సరిగ్గా కట్టని పక్కింటివారికి నా కృతజ్ఞతలు. బిడ్డకు కూడా. ఫోన్‌లో ఇంకోసారి చెప్పమంటే, “జర నిమ్మలంగ చదువు బాపూ,” అంది.