గాజు ముక్క పీకిందెవరు

మా పెద్దమ్మ అద్దాల అంచులు అరగదీస్తుంది. పెదనాన్న కోస్తాడు, ఆమె నునుపు చేస్తుంది. కొట్టుకి వచ్చేవాళ్ళు అద్దంలో జుట్టు సర్దుకుని, వంకలు పెట్టి, బేరమాడి పట్టుకుపోతారు. ఆ అంచు తమ వేలిని ఎందుకు కొయ్యడం లేదో ఒక్కరికీ తట్టదు. తట్టాలని పెద్దమ్మా అనుకోదు. నాకే ఒళ్ళు మండుతుంది.

గాజు పనివాళ్ళకు ఒక పట్టింపు ఉంది. ఒంట్లో ముక్క దిగితే అప్పటికప్పుడు లాగెయ్యాలి. ముక్కతో తిరిగేవాణ్ణి చేతకానివాడి కింద జమకడతారు. ఆ వీధిలో ఎవరికి గుచ్చుకున్నా పెద్దమ్మ దగ్గరికే వస్తారు. "మీ ఆవిడ మళ్ళీ అలిగిందటగా?" అంటుంది. వాడు "ఎవరు చెప్పారు?" అనేసరికి ముక్క ఆమె వేళ్ళ మధ్య ఉంటుంది.

ఓపిక మాత్రం సున్నా. పొయ్యి మీద గిన్నె పెడితే మూత తీసి చూస్తూనే ఉంటుంది. "నువ్వు తీస్తూ ఉంటే అది ఉడికేదెప్పుడే?" అని పెదనాన్న సణుగుతాడు.

ఆ మధ్యాహ్నం నేను కొట్లోనే ఉన్నాను. పెదనాన్న పెద్ద గాజు పలకను బల్ల మీదికి ఎత్తుతుండగా అది నడిమికి విరిగింది. చాకులాంటి ముక్క ఒకటి ముంజేతిలో దిగబడింది. చిత్రంగా రక్తం పెద్దగా రాలేదు.

"రావే, నీకు పని తగిలింది" అన్నాడాయన.

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కళ్ళజోడు మార్పించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంటూనే లాగేసింది.

రక్తం చిమ్మింది. పక్కనున్న అద్దాల మీద, ఆమె మెడ మీద. అంతసేపూ ఆ ముక్కే లోపల అడ్డంగా నిలిచి రక్తాన్ని ఆపిందని మాకప్పుడు తెలీదు.

ఆమె కొయ్యబారిపోయింది. నేను అంబులెన్సుకు ఫోన్ చేశాను. జనం గుమిగూడారు. సలహాలకేం తక్కువ? కాఫీపొడి అద్దమని ఒకడు, కుళాయి కింద పెట్టమని ఇంకొకడు. ముందుకొచ్చి చెయ్యి వేసినవాడు లేడు. ఫోన్లో అమ్మాయి గొంతు నిదానంగా పలికింది. అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టాను.

"ఆయన్ని పడుకోబెట్టండి. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, రెండు అరచేతులతో గట్టిగా నొక్కండి. ఆగిందా అని తీసి చూడొద్దు. తడిసిపోతే దానిమీదే ఇంకోటి వెయ్యండి."

ఉతికిన తువ్వాలు అందించాను. పెద్దమ్మ మోకాళ్ళ మీద కూలబడి, ఒంటి బరువంతా వేసి నొక్కింది. తువ్వాలు ఎర్రబడింది. ఆమె వేళ్ళు అంచు దగ్గర కదిలాయి.

"ఒక్కసారి చూస్తానురా. ఆగిందేమో."

"వద్దమ్మా. తీస్తే గడ్డకడుతున్నది కూడా కదిలిపోతుంది" అంది ఫోన్లో అమ్మాయి.

పెద్దమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను ఇంకో తువ్వాలు పైన వేశాను.

పెదనాన్న మొహం పాలిపోయింది. "నీ చేతుల్లో ఇంత బలముందని పెళ్ళికి ముందే తెలిస్తే పారిపోయేవాణ్ణే."

"మాట్లాడకుండా పడుకోండి."

ఆయన నిజంగానే ఊరుకున్నాడు. క్షణం గడవలేదు, ఆమే మళ్ళీ అంది. "కాదు, మాట్లాడండి. ఏదో ఒకటి అంటూ ఉండండి."

అంబులెన్సు వచ్చింది. అందులోని మనిషి కట్టు బిగించి, ఇక వదలమన్నాడు. ఆమె వేళ్ళు విడలేదు. ఒక్కొక్కటే ఆ మనిషే విడదీశాడు.

ఆస్పత్రిలో తెగిన రక్తనాళాన్ని కుట్టారు. మర్నాడు డాక్టరమ్మ, "ముక్క ఎవరు పీకారు?" అని అడిగింది.

"నేనేనండి. కాస్త తొందర మనిషిని" అన్నాడు పెదనాన్న.

డాక్టరమ్మ ఆయన్ని దులిపేసింది. లోతుగా దిగినదాన్ని కదపకుండా, పక్కల నొక్కిపట్టి మనిషిని ఆస్పత్రికి తీసుకురావాలట. ఆయన తలూపుతూ అన్నీ పడ్డాడు. పెద్దమ్మ తలుపు దగ్గర నేల చూస్తూ నిలబడింది. తర్వాత పరామర్శకొచ్చిన ప్రతివాడికీ ఆయన అదే చెప్పాడు, తన తెలివితక్కువతనానికి తనే నవ్వుతూ. ప్రేమ గురించి పుస్తకాల్లో చాలా చదివాను, చాలావరకు ఊకదంపుడు. ఇలాంటి అబద్ధమాడే మనిషి వాటిలో నాకు తగల్లేదు.

పెద్దమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. ఇంటికొచ్చాక ఎవడో వేలు చాపుకుని వస్తే, సన్నటి ముక్కే అయినా ముట్టుకోనంది.

కుట్లు విప్పే రోజు ఆమే ముందు నోరు విప్పింది. "పీకింది నేను డాక్టరుగారూ. ఈయన అబద్ధం చెప్పారు."

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే ఆయన తిన్న తిట్లు మీకు బదిలీ చెయ్యమంటారా?"

"అవి నాకు సరిపోయాయి లెండి" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ నవ్వలేదు. "మా వీధిలో అందరూ నా దగ్గరికే వస్తారు. లోతుగా దిగితే ఎలా నొక్కాలో చేసి చూపించండి. వింటే చాలదు, నా చేతికి తెలియాలి."

డాక్టరమ్మ పెదనాన్న రెండో చేతి మీద పెన్ను నిలబెట్టి పట్టుకుంది. చుట్టిన కట్టుగుడ్డలు రెండు పెద్దమ్మకిచ్చింది. "ఇదే ముక్క అనుకోండి. దీన్ని తాకొద్దు. అటొకటి, ఇటొకటి పెట్టి నొక్కండి. ఇంకా గట్టిగా."

"మెల్లగా నొక్కవే" అన్నాడు పెదనాన్న.

ఆమె వినిపించుకోలేదు. చేతులు తీసి, గుడ్డలు మళ్ళీ సర్దుకుని, "ఇంకోసారి" అంది. ఆయన చెయ్యి అలాగే చాపి ఉంచాడు.