డు నాట్ ఫ్రీజ్

2008 జూలై. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. చమురు ధర ఆకాశాన్నంటిన రోజులవి. పోయిన నెల అద్దెకి ఈ నెల ఇల్లు దొరికేది కాదు. అప్పట్లో నేను విమానాశ్రయం దగ్గర ఒక కార్గో కంపెనీ గోదాములో ‘కోల్డ్ చెయిన్ ఆఫీసర్’ని. పేరు వినడానికి గొప్పగానే ఉంటుంది. మందు తయారైన చోటి నుంచి సూది వేసే చోటిదాకా దారిలో ఎక్కడా చల్లదనం తెగకూడదు, దాన్నే కోల్డ్ చెయిన్ అంటారు. గుంటూరులో బీఫార్మసీ చదువుకున్నదాన్ని, ఎడారికొచ్చి చల్లదనానికి కాపలా కాస్తానని కలలోనైనా అనుకున్నానా!

ఆ నెలలో మా గోదాముకి రావలసిన సరుకు పసిపిల్లల టీకా. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం లాంటివాటికి కలిపి ఒకే సూదిగా వేసేది. ఆఫ్రికాలో ఒక బీద దేశంలో కోరింత దగ్గు చెలరేగి పసివాళ్లు పోతున్నారు. మందు కొన్నది యూరప్‌వాళ్లు, తమ జనం కట్టిన పన్నుల్లోంచి తీసిన సహాయ నిధితో. విమానం ఖర్చు దోహాలోని ఒక దాతల సంస్థ పెట్టుకుంది. ఇలా ఇద్దరు దాతలు కలిసి భరించడాన్ని ‘కో-ఫైనాన్సింగ్’ అంటారు. అంతా బాగానే ఉంది కానీ, దోహాకి ఉత్తరాన ఉన్న రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లకి రావలసిన వాల్వులు, పైపులతో విమానాలు నిండిపోయి, టీకాకి చోటు లేదని రెండుసార్లు యూరప్‌లోనే ఆపేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

సహాయ నిధి తరఫున ఇంగ్రిడ్ అనే ఆవిడ ముందే దోహా వచ్చి కూర్చుంది. యాభై దాటిన మనిషి, నవ్వడం తక్కువ. టీకా తెల్లవారుజామున మా దగ్గర దిగి, సాయంత్రం ఆఫ్రికా విమానం ఎక్కాలి. ఆవిడ సంతకం లేనిదే ఎక్కదు.

“ఇది ఈ ఏడాదికి ఆఖరి విడత, సుజాతా. మందు మీద అనుమానం వస్తే రైట్-ఆఫ్ చేసేస్తాం” అంది ముందు రోజే. రైట్-ఆఫ్ అంటే పోయినట్టు రాసేసి తగలబెట్టడం. ఆ తర్వాత మళ్లీ నిధి అడగాలి, మళ్లీ అనుమతులు రావాలి, మళ్లీ మందు తయారవ్వాలి.

“అన్నీ అయ్యేసరికి ఎన్నాళ్లు పడుతుంది?” అన్నాను.

“ఆ పిల్లలు ఆగలేనన్ని రోజులు” అంది.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లి, బ్యాగు కూడా బల్ల మీద పెట్టకుండా కోల్డ్‌రూము తలుపు తీశాను. పూల పెట్టెలున్నాయి, చాక్లెట్లున్నాయి, చేపలున్నాయి. టీకా లేదు.

రాత్రి షిఫ్టు లోడర్లకి మేస్త్రీ మల్లేశం ఇంకా బస్సెక్కలేదు. జగిత్యాల వైపు మనిషి, అక్కడ గల్ఫ్‌లో ఏ ఊరినైనా దుబాయే అంటారు. నలభై దాటాయి. ఆయన చేతి కింద పెట్టె పగిలిన రోజు నేనెరగను. అలాంటివాడు నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చాడు.

“మల్లేశం అన్నా, పొద్దున దిగిన టీకా ఏదీ?”

“బయట షెడ్డుల పెట్టిచ్చిన మేడమ్. మనోళ్లు సూడకుండ కోల్డ్‌రూముల తోసిండ్రు. నేనే స్టిక్కర్ సదివి బయటికి తీపిచ్చిన.”

“స్టిక్కర్ మీద ఏం చదివావు?”

“డు నాట్ ఫ్రీజ్ అని గంత ఎర్రగ రాసుంది గద మేడమ్. ఫ్రీజుల పెట్టద్దని. ఎండ తాకకుండ పైన పట్టా గూడ కప్పిచ్చిన.”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. గడ్డకట్టనివ్వొద్దు అని వాళ్లు రాశారు. మనమేమో వంటింట్లో ఉండే ఆ పెట్టెనే ఫ్రీజ్ అంటాం. మా అమ్మ అంటుంది, కూలీలుండే క్యాంపులో అందరూ అంటారు, హిందీవాళ్లూ అదే అంటారు. ఆ ముక్క తెలుగువాడు చదివితే ‘ఫ్రీజులో పెట్టొద్దు’ అనే వినిపిస్తుంది. చదవడం రానివాళ్లు తిన్నగా చల్లటి గదిలో పెట్టారు. పదో తరగతి పాసై, ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివినవాడు తీసి బయట వేడిలో పెట్టించాడు!

నా నోటికి అడ్డూ అదుపూ లేదని ఇంట్లో పేరు. ఆ పూట దాన్ని నిలబెట్టుకున్నాను. “నీకు బుద్ధుందా అన్నా! బయట నేల మీద అట్టు పోస్తే కాలుతుంది, అక్కడ పెట్టావా పసిపిల్లల మందు!” అని అరుస్తూనే షెడ్డుకి పరిగెత్తాను. మల్లేశం నా వెనకే వచ్చాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

పట్టా ఎత్తితే సెగ మొహానికి కొట్టింది. ఈలోగా కేకలు విని మా మేనేజర్ నబీల్ దిగాడు. “యల్లా, యల్లా! త్వరగా తీసుకెళ్లి మైనస్ ఇరవై ఫ్రీజర్‌లో పడేయండి, పోయిన చల్లదనం తిరిగొస్తుంది!” అన్నాడు. కుర్రాళ్లు బండి అటు తిప్పేశారు కూడా. నేను వెళ్లి ఫ్రీజర్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

“మాఫీ ఫ్రీజర్! ఫ్రీజర్ వద్దే వద్దు! ఇది వేడికి కాసేపైనా ఓర్చుకుంటుంది. గడ్డకట్టిందా, చచ్చినట్టే. విరిగిన పాలు మళ్లీ కలుస్తాయా? ఇదీ అంతే” అన్నాను. నబీల్ గొణుక్కుంటూ పక్కకి జరిగాడు. పెట్టెలన్నీ మామూలు కోల్డ్‌రూముకి చేరాయి.

ప్రతి కట్టకీ బయట ప్లాస్టిక్ సంచిలో ఒక కార్డు ఉంటుంది. వేడి తగిలితే అందులో తెల్లటి గడులు నీలంగా మారతాయి. తగిలిందని మాత్రమే చెబుతుంది, ఎప్పుడు తగిలిందో, ఎక్కడ తగిలిందో చెప్పదు. మా కార్డులన్నీ నీలం తిరిగి ఉన్నాయి. ఇక మిగిలిన ఆశ సీసాల మీది ‘వీవీఎం’. సీసాకి అంటించిన చిన్న గుండ్రటి గుర్తు అది, మధ్యలో ఒక లేత రంగు చదరం ఉంటుంది. మందు వేడికి పాడవుతున్నకొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న రంగుతో సమానమైతే ఆ సీసా పారేయాల్సిందే.

ఇంగ్రిడ్‌కి ఫోన్ చేశాను. వచ్చింది. వస్తూనే చేతికి గ్లవుజులు తొడుక్కుంది. షెడ్డులో అంచున, ఎండ వైపున్న పెట్టె ముందు తెరిచాం. సీసా పైకి తీసి వెలుతురుకి పట్టాను. చదరం లేతగా ఉంది. ఇంకోటి తీశాం, లేతగానే ఉంది. అన్ని కట్టల్లోంచీ తీసి చూశాం. అన్నీ బతికే ఉన్నాయి. నేను “అమ్మయ్య” అన్నాను. ఆవిడ అనలేదు.

“సీసాలు బాగున్నాయి, సరే. కార్డులు ఎందుకు నీలమయ్యాయి? ఆ వేడి ఎక్కడిదో తెలియకపోతే, ఈ మందుకి దారిలో ఇంకేం జరిగిందో కూడా తెలియనట్టే. ఎక్కడో గడ్డకట్టి కరిగిందేమో! ఆ సంగతి ఈ చదరం చెప్పదు. మా ఆఫీసువాళ్లు నన్నడిగేది ఒకటే, కారణం తెలుసా అని. తెలియదంటే తగలబెట్టమంటారు.”

నేను చెబితే అది విన్న మాటే అవుతుంది; పెట్టెలు దిగినప్పటి నుంచీ కళ్లతో చూసిన మనిషి గది బయట నిలబడి ఉన్నాడు. నబీల్ అప్పటికే ఆయన భుజం మీద చెయ్యేసి చెవిలో చెబుతున్నాడు. “బోల్ దే, విమానంలోంచే ఇలా వచ్చిందని. అంతే. నీకేం కాదు.” తప్పు విమానంవాళ్ల మీదికి నెట్టేస్తే కంపెనీకి మచ్చ రాదు. మందు బూడిదవుతుంది, అంతే కదా!

నబీల్ లోపలికి వెళ్లేదాకా ఆగి మల్లేశం దగ్గరికి వెళ్లాను.

“మేడమ్, ఉన్నదున్నట్టు జెప్తె నా నౌకరి ఉంటదా?”

ఉంటుందనేద్దామని నోటిదాకా వచ్చింది. “తెలియదన్నా. ఉంటుందని నీకు అబద్ధం చెప్పలేను.”

“జెప్పకుంటె?”

“మందు తగలబెడతారు.”

ఆయన తలకి చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. “ఎవలకు మేడమ్ గీ సూదులు?”

“పసిపిల్లలకి. కోరింత దగ్గు రాకుండా.”

“మా సిన్నదానికి అచ్చిండె గా దగ్గు. నేనేమొ ఈడుంటి. ఊపిరాడక గుడ్లు తేలేస్తుందని మా ఆమె ఫోన్ల ఏడుస్తుండె.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “నడుండ్రి మేడమ్.”

లోపల ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. నబీల్ గోడకి ఆనుకుని ఆయన్నే చూస్తున్నాడు. తియ్యమని ఎవరు చెప్పారని ఇంగ్రిడ్ అడిగింది.

“ఎవలు జెప్పలే. నేనే సదివిన. ఫ్రీజుల పెట్టద్దని ఉంటె తీసిన.”

“ఫ్రీజ్‌లో పెట్టడమా? ఫ్రీజ్ అంటే ఏమిటనుకున్నారు?”

మల్లేశానికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఆఫీసు మూలన మేం నీళ్ల సీసాలు పెట్టుకునే చిన్న పెట్టెని చూపించాడు. “గిదే గద ఫ్రీజు!”

ఇంగ్రిడ్ ఆ పెట్టెని చూసింది, స్టిక్కర్ని చూసింది, మల్లేశాన్ని చూసింది. “దేవుడా” అంది మెల్లగా. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఆయన జవాబు చెప్పాడు. విమానం నుంచి దిగినప్పుడు పెట్టెలు చేతికి చల్లగా తగిలాయి. సంచిలో కార్డులు తెల్లగా ఉన్నాయి, దించుకునేటప్పుడు ఆయనే చూశాడు. ఫ్రీజర్ వైపు ఒక్క పెట్టె కూడా పోలేదు. ఎప్పుడు బయటికి తీయించాడో, ఎక్కడ పెట్టించాడో, పట్టా ఎప్పుడు కప్పాడో అంతా చెప్పాడు. ఒక్కసారైనా తడబడలేదు.

ఇంగ్రిడ్ తమ ఆఫీసుకి ఫోన్ చేసి బయట నడుస్తూ మాట్లాడింది. అద్దంలోంచి ఆవిడ పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించదు. ఒకసారి తల అడ్డంగా ఊపింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. విమానం సరుకు తీసుకునే గడువు దగ్గరపడుతోంది. చివరికి లోపలికొచ్చి పెన్ను అడిగింది. “ఎక్కించండి” అంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. టీకా ఆ సాయంత్రమే వెళ్లింది.

మల్లేశం వీసా క్యాన్సిల్ చేశారు. నబీల్ గదిలోకి వెళ్లి నా నోటికున్న పేరు మరోసారి నిలబెట్టుకున్నాను. “తప్పు చేసినందుకు కాదు, చెప్పినందుకు పంపుతున్నావు” అన్నాను. “ఖలాస్” అన్నాడు. ఇంగ్రిడ్ కూడా మా కంపెనీ పెద్దలతో మాట్లాడింది. వాళ్లు నవ్వుతూ కాఫీ ఇచ్చి పంపారు.

ఆయన వెళ్లేలోపు ఇంగ్రిడ్ ఫోన్ చేసింది, అక్కడ పిల్లలకి సూదులు వేయడం మొదలైందని. వెంటనే క్యాంపుకి ఫోన్ చేసి మల్లేశానికి చెప్పాను.

“మంచిగైంది మేడమ్. దుబాయ్‌ల ఏం జేసినవ్‌రా అని ఊళ్లె అడుగుతరు. గిది జెప్పుకుంట.”

ఆ తర్వాత నా కింద పనిచేసినవాళ్లెవరినీ “అర్థమైందా?” అని అడగలేదు. ఆ ప్రశ్నకి ప్రపంచంలో ఎవడైనా అర్థమైందనే అంటాడు. స్టిక్కర్ చేతికిచ్చి, ఇందులో ఏముందో నీ భాషలో నాకు చెప్పు అంటాను. ఎన్ని వింతలు బయటపడ్డాయో చెబితే మీరు నమ్మరు.

కానీ ఆ కేసు నేర్పిన అసలు పాఠం అది కాదు. ఆ మందుకి బీమా ఉంది, విమానానికి బీమా ఉంది. నిజం చెప్పి మందుని బతికించిన మనిషికి లేదు. ఆ కంపెనీ వదిలేశాక ఎక్కడ ఉద్యోగానికి వెళ్లినా, జీతం మాట రాకముందే ఒకటి అడుగుతాను: “మీ దగ్గర తప్పు చేసి, చేశానని చెప్పినవాణ్ణి ఏం చేస్తారు?” వాళ్లు నీళ్లు నమిలితే లేచి వచ్చేస్తాను.